మాటకీ ఓ పుట్టిల్లు

మా మనవరాలు మందుల చదువు చదువుతోంది. పొద్దున్నే ఆటో ఎక్కి, ఖర్కాయి నది వంతెన దాటి, ఆదిత్యపూర్ అవతలికి పోతుంది. సాయంత్రం జుట్టు నిండా దుమ్ముతో వస్తుంది. మొన్న ఆదివారం అది మంచం మీద బోర్లా పడుకుని, లావుపాటి పుస్తకంలో కొన్ని మాటలు పెన్సిలుతో కొట్టేస్తోంది. నేను గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. ఒక్కో మాటా పైకి చదవడం, గీత గీయడం, తరవాతిదానికి పోవడం. ఆంటె సిబమ్. గీత. పోస్ట్ సిబమ్. గీత. హోరా సోమ్నీ. గీత.

"ఏటే, నిక్షేపంలాటి మాటల్ని అలా కొట్టేత్తన్నావు?" అన్నాను.

"మేడమ్ నే బోలా హై, నానీ. అబ్ యే కోయీ నహీ లిఖ్తా," అంది తలెత్తకుండానే.

ఇప్పుడెవరూ అలా రాయరట. తిండికి ముందు, తిండి తరవాత, నిద్రపోయే ముందు అని అందరికీ తెలిసేలా రాయాలట. ఆ పాత లాటిన్ మాటలు రోగికి అర్థం కావు, పొరపాట్లు జరుగుతాయి అని చెప్పిందట ఆ మేడమ్. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. మందు మింగేవాడికి తను మింగేదేమిటో తెలియాలి. నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాను గానీ, ఆ తరవాత చింతపండు మీద నా చెయ్యి కదల్లేదు. అవి మా ఇంట్లో తిరిగిన మాటలు. వాటితో ఆడుకున్న పిల్లలం ఇద్దరం, నేనూ మా చెల్లీ.

నేను చదివింది తక్కువ. ఇంగ్లీషులో నా పేరు రాసుకోగలను, స్టేషను బోర్డు కూడబలుక్కోగలను, అంతే. ఆ మాటలు నాకు చెవిలోంచి వచ్చాయి. మా నాన్న జుగ్సలాయి బజారులో ఒక బెంగాలీ డాక్టరు గారి దగ్గిర కంపౌండరు. తాత పలాస వైపు నుంచి రైలు పట్టాల పనికి ఈ ఉక్కు కార్ఖానా ఊరికి వచ్చి బాగ్‌బేరాలో ఉండిపోయాడు. నాన్న మాత్రం పట్టాల మీదికి పోకుండా మందుసీసాల మధ్యకి పోయాడు.

ఆ డాక్టరు గారి దవాఖానాకి ఒక పక్క ఎండుమిరపకాయల గోదాము, ఇంకో పక్క ఆవనూనె మిల్లు. బజారంతా తుమ్ములు. లోపలికి అడుగు పెడితే ఆ ఘాటు గుమ్మం దగ్గిరే ఆగిపోయి, స్పిరిట్టూ పిప్పరమెంటూ కార్బాలిక్కూ కలిసిన చల్లటి వాసన వచ్చేది. నాన్న చొక్కాదీ అదే వాసన. ఎంత ఉతికినా పోయేది కాదు. అమ్మ ఆ చొక్కాలు విడిగా నానబెట్టేది. "ఈటితో కలిపితే నా సీర కూడా జొరం వచ్చినదాన్లా వాసనేత్తాది," అనేది.

అప్పట్లో మాత్రల అట్టలు తక్కువ. డాక్టరు బాబు చీటీ రాస్తే, నాన్న చెక్క కిటికీ వెనక నిలబడి, ఈ సీసాలోంచి కొంత, ఆ సీసాలోంచి కొంత వంచి, కుదిపి, మిక్చరు తయారుచేసేవాడు. సీసాకి పక్కన ఒక కాగితం పట్టీ అంటించాలి, ఎంత దాకా తాగితే ఒక మోతాదో తెలియడానికి. తెల్లకాగితం మడతలు పెట్టి అంచుల్లో కత్తెరతో గాట్లు పెట్టి విప్పితే, రెండు వైపులా రంపప్పళ్ళలా విచ్చుకునేది. ఆ పట్టీలు ఇంట్లో మేమిద్దరమే కత్తిరించేవాళ్ళం. మైదా జిగురు అమ్మ కాచి ఇచ్చేది. నావి వంకరపోయేవి. చెల్లివి గాటుకి గాటు సమానంగా వచ్చేవి.

"దీని సెయ్యి కంపౌండరు సెయ్యి," అనేవాడు నాన్న. నాకు ఒళ్ళు మండి కత్తెర బియ్యం డబ్బాలో దాచేసేదాన్ని. అన్నం వండే వేళకి అమ్మకి దొరికేది. నాకు వీపు మీద ఒకటి పడేది.

మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక డాక్టరు బాబు టీ తాగుతూ నాన్నకి ఒక మాట విప్పి చెప్పేవారట. ఇంగ్లీషు మాట ఎక్కడి నుంచి వచ్చింది, దాని కడుపులో ఏముంది అని. ఆయనకి అదో సరదా. నాన్న ఆ మాటని సైకిలు మీద ఇంటికి తెచ్చేవాడు. మిగతా ఇళ్ళకి తండ్రులు జిలేబీ పొట్లాలు తెచ్చేవారు, మా ఇంటికి మాట వచ్చేది. సైకిలు గంట వినిపిస్తే చాలు, ఇద్దరం గేటు దగ్గిరుండేవాళ్ళం.

"నానా, ఈరోజు మాటేటి?"

కాళ్ళు కడుక్కునేదాకా చెప్పేవాడు కాదు. అమ్మ ముఢీలో ఉల్లిపాయ, పచ్చిమిరప, రెండు చుక్కలు ఆవనూనె కలిపి పళ్ళెంలో పోసి తెచ్చేది. మరమరాల్ని మేం ముఢీ అనే అనేవాళ్ళం, ఇరుగుపొరుగు ఒడియా వాళ్ళలాగే. నాలుగు గుప్పెళ్ళు నమిలాక మొదలుపెట్టేవాడు.

"మాటక్కూడా ఆడపిల్లకున్నట్టే ఓ పుట్టిల్లు ఉంటాదమ్మా. ఇంగ్లీషోళ్ళింట్లో సగం మంది కోడళ్ళు లాటిన్ నుంచి వచ్చినోళ్ళే."

"ఆ లాటిన్ ఎక్కడున్నాది?" అని చెల్లి.

"ఇప్పుడు లేదు. ఆ ఇంట్లో దీపం పెట్టేవోడు లేడు. కోడళ్ళు మాత్రం ఈడ కాపురాలు సేసుకుంటన్నారు."

మూల కూర్చుని వత్తులు చేసుకునే మామ్మ, నాన్న తల్లి, నిజంగానే జాలిపడేది. "పలకరింపు లేని కోడళ్ళన్నమాట. పాపం," అనేది.

మజిల్ అంటే చిట్టెలుక అట. చెయ్యి మడిచి బిగిస్తే చర్మం కింద ఎలుకపిల్ల పరిగెట్టినట్టు కనిపిస్తుంది గనక ఆ పేరు పెట్టారట. ఆ మాట వచ్చిన వారమంతా మేం రైల్వే లైన్లలో కనపడిన ప్రతి ఖలాసీనీ ఆపి, "కాకా, చూహా దిఖావో," అని అడిగాం. ఒకాయన చుట్ట పక్కన పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మాకు ఎలుక చూపించాడు. అది ఎలుక కాదు, పందికొక్కు. చెల్లి దాన్ని వేలితో పొడిచి పరిగెత్తుకొచ్చింది.

ఇంకోరోజు ప్యూపిల్ తెచ్చాడు. కంటి నల్లగుడ్డు మధ్య ఉండేది. లాటిన్‌లో దాని అర్థం చిన్న బొమ్మ, చిన్న ఆడపిల్ల. ఎదుటివాళ్ళ కంట్లోకి దగ్గిరగా చూస్తే మనమే బుల్లి బొమ్మలా కనిపిస్తాం కదా, అందుకని.

"అంటే మన కంటిపాపే కదా, నానా," అంది చెల్లి.

నాన్న ముఢీ పళ్ళెం పక్కన పెట్టేశాడు. దాని గడ్డం పట్టుకుని కాసేపు దాని కళ్ళలోకే చూశాడు. మర్నాడు ఆ సంగతి డాక్టరు బాబుకి చెబితే, ఆయన పట్టలేని సంతోషంతో పిప్పరమెంటు బిళ్ళల పొట్లం పంపించారు. చెల్లి నాకు సగం ఇచ్చింది. సగం కన్నా కొంచెం తక్కువే, నేను లెక్కపెట్టలేదు గానీ తెలిసింది.

హాస్పిటల్ పుట్టింట్లో చుట్టం ఉన్నాడట. చుట్టాలకి అన్నం పెట్టి పడక ఇచ్చే ఇల్లట అది.

"అలాటి సుట్టరికం పగోడికొద్దు," అంది మామ్మ.

పేషెంట్ అంటే ఓర్చుకునేవాడట.

"అయితే ఈ ఇంట్లో పెద్ద పేషెంటుని నేనే," అంది మామ్మ మళ్ళీ. "మీ నాన్నని పెంచేను కదా."

ఒక్కటి చెప్పాలి. నాన్న తనకి తెలియని మాట అడిగితే కల్పించి చెప్పేవాడు కాదు. "రేపు కనుక్కునొత్తాను," అనేవాడు. ఏదో ఒకటి చెప్పేయొచ్చు కదా అని అమ్మ అంటే, "మాటకి అర్థం అడిగినోళ్ళకి తప్పు సెప్తే, మందు అడిగినోళ్ళకి తప్పు సీసా ఇచ్చినట్టే," అనేవాడు.

ప్లసీబో వచ్చింది చలికాలంలో. ఆ మాటకి లాటిన్‌లో అర్థం, నేను నీకు హాయి కలిగిస్తాను అని. కొందరికి ఒంట్లో ఏ రోగమూ ఉండదు, మనసులో బెంగ ఉంటుంది. కొందరికి ఇంక ఏ మందూ పనిచేయదు. వాళ్ళని ఉత్తచేతులతో పంపలేక డాక్టరు బాబు చీటీ పక్కన పెట్టి, నోటితో నాన్నకి ఆ మాట ఒక్కటే అంటారట. నాన్న నీళ్ళలో నారింజ షర్బత్తూ ఒక చుక్క పిప్పరమెంటూ కలిపి, పట్టీ అంటించి ఇస్తాడు.

"అది దొంగమందు కదా," అంది చెల్లి.

"దొంగదేటి? హాయి సేత్తానంది, సేసింది. అంతకన్నా ఏం సెప్పలేదు కదా అది."

ఆ మర్నాడు మేం గడపలో కొట్టు పెట్టాం. ఖాళీ సీసాలు, పంచదార నీళ్ళు, చెల్లి కత్తిరించిన పట్టీలు. మొదటి రోగి మామ్మ. మోకాళ్ళ నొప్పులు. పూటకో మోతాదు తాగించాం. రెండు రోజులకి నొప్పి సగం తగ్గిందంది. తగ్గిందని ఊరుకోకుండా పక్కింటి ఒడియా ముసలామెకి చెప్పింది. ఆవిడ తన చెల్లెల్ని తీసుకుని వచ్చింది. నాన్న సైకిలు దిగేసరికి మా గడపలో ముగ్గురు ముసలమ్మలు, చేతుల్లో గ్లాసులు. ఆయన నవ్వలేక, ఆపుకోలేక, సైకిలు గోడకి ఆనించి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. పంచదార డబ్బా అడుగంటిందని అమ్మ మా ఇద్దరి చెవులూ పట్టుకుంది.

మరుసటేడు వానలు గట్టిగా పట్టుకున్నాయి. ఉక్కు కంపెనీ వైపు ఆకాశం రోజూ సాయంత్రం ఎర్రబడేది, వేడి చిట్టెం పారబోసినప్పుడు. ఆ ఎరుపు కూడా మబ్బుల్లో మురికిగా కనిపించేది. చెల్లికి గొంతునొప్పి వచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది, తగ్గింది. తరవాత మోకాలు వాచింది. అది తగ్గి మోచెయ్యి వాచింది. అమ్మ వావిలాకు ఉడికించి కట్టింది. అన్నీ తగ్గాయి. తగ్గాక, ఒకరోజు స్టేషను దగ్గిర మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది.

"అప్పా, నువ్వు ఎల్లు, నేనొత్తాను," అంది నాతో. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

డాక్టరు బాబు గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. పెద్దాస్పత్రికి కూడా తీసుకెళ్ళారు. తిరిగొచ్చాక అందరూ చెల్లి మంచం చుట్టూ ఊరికే నిలబడ్డారు. అదే అడిగింది.

"నానా, వాల్వంటే ఏటి? ఆస్పత్రిలో మాటిమాటికీ అన్నారు."

అమ్మ నాన్న వైపు చూసింది, చెప్పకు అన్నట్టు. నాన్న మంచం పట్టెమీద కూర్చున్నాడు.

"తలుపు రెక్క. లాటిన్‌లో అదే అర్థం. నీ గుండెలో ఓ తలుపు సరిగ్గా మూసుకోడం లేదమ్మా. ఎల్లిన రక్తం ఎనక్కొచ్చేత్తంది."

ఆ వారమే మా వీధి తలుపు వానకి ఉబ్బి మూసుకోకపోతే, నాన్న రందా పట్టి చెక్క గీశాడు. ఆ పొట్టు ఇంకా గుమ్మం దగ్గిరే ఉంది.

"మన తలుపుకి పట్టినట్టు రందా పట్టరేటి?"

"పట్టేవోళ్ళు ఉన్నారంట. దూరంగా. నీకు కాస్త బలం రావాలి, అప్పుడు ఎల్దాం."

అబద్ధం కాదు. డాక్టరు బాబు అలాగే అన్నారు. ఆ బలమే రాలేదు. పాదాలు వాచాయి. రెండు దిండ్లు చాలక మూడో దిండు పెట్టాల్సి వచ్చింది.

అప్పుడిచ్చిన మందు పేరు డిజిటాలిస్. దాని పుట్టింట్లో వేలు ఉందట. వేలికి తొడుక్కునేంత పువ్వులు పూసే మొక్క నుంచి తీస్తారట దాన్ని. చెల్లికి ఆ పువ్వు నచ్చింది, వేలు పైకి పెట్టి ఊహించుకునేది. మందు మాత్రం విషంలా చేదు, గోధుమరంగు. అమ్మ ఔన్సు గ్లాసులో గీత దాకా పోసి, వీపు వెనక చెయ్యి ఆనించి తాగించేది. అది మొహమంతా ముడిచి, నాలుక బయట పెట్టి, "అమ్మా, బెల్లం," అనేది. అమ్మ వంటింట్లోకి పరిగెత్తి బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టేది. రోజూ ఇదే. దసరా దాటాక తాగింది తాగినట్టు కక్కేయడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం డాక్టరు బాబు రిక్షా కట్టించుకుని మా ఇంటికే వచ్చారు. స్టూలు మీద కూర్చుని చూశారు. చెల్లి తల నిమిరి లేచారు. గుమ్మంలో నిలబడి, నాన్నతో మెల్లగా ఇంగ్లీషులో ఏదో అన్నారు. చేదుమందు ఆపేయమన్నారని తరవాత తెలిసింది. అన్నీ అయ్యాక ఒక మాటన్నారు. ప్లసీబో.

ఆ ఇంట్లో నాన్న తప్ప ఆ మాట ఎవరికీ తెలియదనుకుని ఉంటారు పాపం. తను రోజూ టీ తాగుతూ చెప్పిన మాటలు సైకిలెక్కి ఈ ఇంటికే వస్తున్నాయని, పసిపిల్లల నోళ్ళలో నానుతున్నాయని ఆయనకి ఆ క్షణంలో గుర్తు రాలేదు. చెల్లి కళ్ళు మూసుకుని ఉంది. ఆ మాటకి తెరిచింది. నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

అమ్మ టీ గ్లాసుతో వంటింట్లోంచి వచ్చింది. "ఏటన్నారు బాబు?"

"మందు మార్చారు," అన్నాడు నాన్న.

"మంచిదేనా?"

"మంచిదే."

మర్నాడు నాన్న కొత్త సీసా తెచ్చాడు. నారింజ రంగు కాదు. పంచదార మాడ్చి, పాతదాని గోధుమరంగే తెచ్చాడు. దాని మీద అంటించిన పట్టీ చెల్లి మంచంలో కూర్చుని కత్తిరించినదే. అమ్మ ఎప్పటిలాగే గీత దాకా పోసింది, వీపు వెనక చెయ్యి ఆనించింది. చెల్లి నోట్లో పోసుకుని, మింగకుండా అలా ఉంచుకుంది. నాన్నని చూసింది. నాన్న గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు.

మింగింది. మొహం ఎప్పటికన్నా ఎక్కువగా ముడిచింది.

"ఓలమ్మో, ఇది పాతదానికన్నా సేదు. అమ్మా, బెల్లం."

అమ్మ వంటింట్లోకి పోయింది. అమ్మ వీపు అటు తిరగ్గానే దాని మొహం విడిపోయింది. పెదాలు నాకింది.

"నానా, ఈరోజు మాటేటి?"

"ఈరోజు దొరకనేదమ్మా," అన్నాడు నాన్న.

"అయితే రేపు తే."

అమ్మ గాజుల చప్పుడు వినిపించింది. మళ్ళీ మొహం ముడుచుకుంది.

ఆ రోజు నుంచి అంతే. మూడు పూటలా ఆ చేదు మొహం. కక్కడం ఆగిపోయింది గనక అమ్మ ఇరుగుపొరుగుతో, "కొత్త మందు పని సేత్తంది," అని చెప్పేది. చెబుతున్నప్పుడు నాన్న పక్కనే ఉంటే సైకిలు తుడవడానికి పోయేవాడు. ఒకసారి నేను చెల్లి చెవిలో అడిగాను, మందు ఎలా ఉందే అని. "సేదే," అంది, వంటింటి వైపు చూస్తూ. నాకు కూడా చెప్పలేదు.

నాన్న మాత్రం మర్నాటి నుంచి మళ్ళీ రోజూ మాట తెచ్చాడు. అందులో ఒకటి నాకు బాగా గుర్తు. కంపానియన్. కలిసి రొట్టె తినేవాళ్ళు అని దాని అర్థమట.

"మనకి రొట్టె లేదు కదా, అన్నమే," అంది చెల్లి. తరవాత నాకేసి చూసి, "అప్పా, నా కంచంలో తిను," అంది. అప్పటికి అది రెండు ముద్దలకి మించి తినలేకపోయేది. మిగిలిన చారన్నం దాని కంచంలోనే నేను తినేదాన్ని, అది చూస్తూ ఉండేది. నాకు ఆకలి లేకపోయినా తిన్నాను.

ఛఠ్ పండగ నాటి తెల్లవారుజామున పోయింది చెల్లి. మా వీధి బీహారీ వాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ నదికి పోతున్నారు. నేతిలో వేగిన ఠేకువా అప్పాల వాసన ఇంట్లోకి వస్తోంది. చెల్లి నాన్న చేతిమీద తల పెట్టుకుని ఉంది. బయటి పాట వింటోందనుకున్నాను. ఆ పాట దూరమయ్యేసరికి అది వినడం లేదని తెలిసింది. అమ్మ మాత్రం ఇంకా పిలుస్తూనే ఉంది, పొద్దుటి మందు వేళయిందని.

ఆ తరవాత మా ఇంటికి మాట రాలేదు. నేనూ అడగలేదు. నాన్న వచ్చేవాడు, కాళ్ళు కడుక్కునేవాడు, ముఢీ తినేవాడు. మామ్మ కూడా మూలనుంచి ఏమీ అనేది కాదు.

అమ్మకి నాన్న మీద ఒక కోపం నిలిచిపోయింది. పెద్ద గొడవలేం కాదు. అన్నం వడ్డిస్తూ, బట్టలు మడుస్తూ, ఉన్నట్టుండి అనేది. "సివరిదాకా ఆ సేదు పోయించేవు కదా పిల్ల నోట్లో. ఒక్క పూటయినా మానిపించేవా? ఎలా మొహం ముడుసుకునేదో సూసేవా?" నాన్న తల వంచుకుని కంచంలో వేలితో గీతలు గీసేవాడు. నా పెళ్ళయి, పిల్లలు పుట్టి, నేను బాగ్‌బేరాలోనే రెండు వీధుల అవతల కాపురం ఉంటున్నప్పుడు కూడా, వెళ్ళినప్పుడల్లా ఆ మాట వినపడేది. నేను చెప్పేస్తానేమోనని నాన్న నా వైపు చూసేవాడు. వద్దన్నట్టు చూసేవాడు. చేదు కాదని చెబితే, ఎందుకు కాదో కూడా చెప్పాలి కదా. పిల్ల బతకదని తెలిసి పంచదార నీళ్ళు పోయించానని చెప్పాలి. ఆ ఒక్కటి అమ్మకి తెలియకుండా ఉంచడానికి ఆయన ముసలివాడయ్యేదాకా ఆ నింద పడ్డాడు.

డాక్టరు బాబు పోయారు. దవాఖానా మూతపడింది. ఇప్పుడక్కడ మొబైల్ ఫోన్ల అద్దాలు మారుస్తారు. పక్కన మిరపకాయల గోదాము మాత్రం ఉంది. నాన్న కూడా పోయాడు, ఆ నింద అలాగే నెత్తిన పెట్టుకుని.

అమ్మ నా దగ్గిరకొచ్చేసింది. చివరి చలికాలంలో మంచం దిగలేని స్థితి. ఒక మధ్యాహ్నం ఎండలో మంచం వేసి పడుకోబెట్టి కాళ్ళకి నూనె రాస్తున్నాను. మళ్ళీ ఆ మాటే ఎత్తింది, ఆ చేదు మాట. నాన్న లేడు, ఇంక ఎవరిని కాపాడాలి అనిపించింది.

"అమ్మా, అది సేదు కాదే," అన్నాను. "పంచదార నీళ్ళు. నాన్న సేదుమందు ఎప్పుడో ఆపించేసేడు. సెల్లి ఊరికే మొహం ముడిసేది, నువ్వు బెంగెట్టుకుంటావని."

ఎండ గోడ మీదికి పోయింది.

"నాకు తెల్దేటే," అంది అమ్మ. "ఔన్సు గలాసు కడక్కుండా గట్టు మీద ఎట్టీసేను ఓ పూట. తరవాత సూత్తే నిండా సీమలు. సేదుమందుకి సీమలెందుకు పడతాయి?"

నూనె గిన్నె కింద పెట్టాను. "మరి నాన్నని అన్నేళ్ళు ఎందుకు దెప్పేవు?"

"దెప్పకపోతే నాకు తెలిసిపోయిందనుకోడేటి. పిల్ల పోతాదని తెలిసే నాను రోజూ గలాసులో పోసేనని ఆయనకి తెలిత్తే, ఇంక నా మొగం సూడగలడా? దెప్పినన్నాళ్ళూ నాను నమ్మీసేననే అనుకున్నాడు. తిట్లయితే మోత్తాడు. అది మొయ్యలేడు."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళన్నీ పుల్లల్లా ఉన్నాయి.

"అదేటనుకుందే?" అంది. "పిల్ల. నాను నమ్మేననుకుందా?"

తల్లికి ఇన్నేళ్ళూ నిద్రపట్టనివ్వనిది అదన్నమాట.

"అనుకుందమ్మా," అన్నాను. "నువ్వు పూర్తిగా నమ్మేవనే అనుకుంది."

"అయితే సాలు," అంది అమ్మ. ఆ చలికాలం దాటలేదు.

నేను అమ్మతో అన్నది నిజమో కాదో నాకు తెలియదు. ఇన్నేళ్ళ తరవాత ఆ గది కళ్ళముందు పెట్టుకుని చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. బెల్లం కోసం వంటింట్లోకి వెళ్ళిన అమ్మ, ఆ చివరి రోజుల్లో తిరిగి రావడానికి చాలాసేపు తీసుకునేది. ఒక బెల్లం ముక్క విరవడానికి అంతసేపు పట్టదు. లోపల డబ్బా మూత చప్పుడు కూడా వినపడేది కాదు. మంచం మీద చెల్లి అటే చెవి పెట్టి, అమ్మని పిలవకుండా, తొందరపెట్టకుండా, ఎంతసేపైతే అంతసేపు కూర్చుని ఉండేది. అది చాలా తెలివైన పిల్ల.